కొలవని చోటు

గొడుగు. ఇది గొడుగు. తెర మీద బొమ్మ మారింది. ఇది తాళంచెవి. మళ్ళీ మారింది. ఇది గుర్రం. మాటలు మెట్లు దిగినంత సులువుగా దిగివస్తున్నాయి, అయినా ప్రతి మాటకూ ముందు ఒక రెప్పపాటు ఖాళీ ఉంది, ఆ ఖాళీలో ఆయన ప్రాణం ఒక్కసారి చేయి చాచి తడుముకుంటోంది, చీకట్లో స్విచ్ కోసం గోడను తడిమినట్టు. ఉందా, ఉంది, హమ్మయ్య, ఇక తరువాతది. తల కదలదు. మూడు పక్కల నుంచి కొసలు గుచ్చి ఇనుప చట్రానికి బిగించారు. కుడి పక్కకు తిరిగి పడుకున్న ఆయనకు కనిపించేది ఒక ప్లాస్టిక్ గుడారం లోపలి వెలుతురు, ఆ వెలుతురులో చేతిలో తెర పట్టుకొని ముక్కాలి పీట మీద కూర్చున్న మాటల డాక్టరమ్మ, ఆమె ముసుగు పైన రెండు కళ్ళు. కనిపించనిది వెనక ఉంది. అక్కడ, ఎడమ చెవికి కొంచెం పైన, ఆయన పుర్రెకు ఒక కిటికీ తీశారు. నొప్పి లేదు. పై చర్మాన్ని ముందే మొద్దుబరిచారు, లోపలిదానికి నొప్పి తెలియనే తెలియదు. ఒంట్లోని నొప్పులన్నిటినీ తెలుసుకునే ఆ ముద్దకు తన నొప్పి తనకు తెలియదన్న సంగతి ఆయన ఎప్పుడో చదివాడు, చదివి ముచ్చటపడ్డాడు, ఇప్పుడు ఆ ముచ్చట తన నెత్తిన పడింది.

సర్జన్ ఆయనకు ఒక గొంతు మాత్రమే, వెనక నుంచి, కాస్త పై నుంచి వచ్చే నిదానమైన గొంతు. పద్ధతిని ఆ గొంతు ముందే తేటగా చెప్పింది. మాటలు పుట్టే చోటును ఆనుకొని కణితి ఉంది. మిమ్మల్ని మేల్కొలిపి బొమ్మలు చూపిస్తాం, మీరు పేర్లు చెబుతూ ఉంటారు, నేను సన్నని కొసతో రవ్వంత కరెంటు తాకిస్తూ ఉంటాను, ఎప్పుడు తాకిస్తున్నానో మీకు చెప్పను. తాకినప్పుడు మాట ఆగిందంటే ఆ చోటు మీకు కావాలి కనుక వదిలేస్తాను, ఆగలేదంటే తీసేస్తాను. ఎంత తీయగలిగితే మీకు అంత ఆయుష్షు. ఇది దువ్వెన. పద్ధతి ఆయనకు నచ్చింది. ఊహ, పరీక్ష, ఫలితం. జీవితమంతా ఆయన కోరుకున్నది అదే, దేవుడి మీద భారం వేయని వాక్యం. అయితే ఇంతకుముందు ఎప్పుడూ పరీక్ష జరిగే బల్ల మీద తానే లేడు. ఇది కుండ. కుండ అంటుండగానే వెనక ఎక్కడో నీళ్ళు పీల్చే చప్పుడు, యంత్రం టిక్కుటిక్కుమనడం, ఎవరో ఎవరికో దూది అందించడం. ఆ చప్పుళ్ళన్నీ తన గదిలో తాను పడుకొని ఉండగా వంటింట్లో జరిగే పనుల్లా ఉన్నాయి. కాకపోతే ఈ వంటిల్లు తన తలలో ఉంది.

“బాగా చెబుతున్నారు గురువుగారూ. ఇలాగే. ఒక బొమ్మకు ఒక మాట,” అంది మాటల డాక్టరమ్మ.

ఒక బొమ్మకు ఒక మాట. ఆ షరతు వెనక నాలుగు రోజుల తగాదా ఉంది. కోతకు ముందు ఆమె తన గదిలో ఈ బొమ్మలన్నీ చూపించి, ఆయన తడుముకోకుండా పేరు చెప్పినవాటినే ఏరి పెట్టుకోవాలి. అడవి బొమ్మ దగ్గర బండి ఆగిపోయింది. మొదటిసారి అరణ్యం అన్నాడు. రెండోసారి కాన అన్నాడు. మూడోసారి, వనం అనడానికి వీల్లేదమ్మా, ఆ చెట్లు వరసల్లో లేవు, అని మొదలుపెట్టి, జంగిల్ అని ఇప్పుడు అందరూ అనే మాటకు పూర్వరూపం జాంగలం, దానికి తొలి అర్థం దట్టమైన చెట్లు కాదు, నీరు తక్కువగా ఉండి అక్కడొకటి ఇక్కడొకటి చెట్టున్న ఎండు నేల, పాత వైద్యులు మెట్టప్రాంతాన్ని ఆ పేరుతోనే పిలిచారు, నోళ్ళు మారుతూ మారుతూ అది తన అర్థానికి ఎదురు తిరిగి చిమ్మచీకటి చెట్ల గుంపై కూర్చుంది, అని చెప్పుకుపోతుంటే ఆమె కలం మూసేసింది. “గురువుగారూ, రేపు లోపల మీరు ఇలా నాలుగు మాటలు చెబితే నాకు ఏం తెలుస్తుంది? అసలు మాట దొరక్క పక్క మాట చెప్పారో, తోచింది కాబట్టి చెప్పారో నేనెలా కనిపెట్టను? ఇంట్లో అమ్మగారితో ఏమంటారో అది చెప్పండి.” గోడవార కుర్చీలో కూర్చున్న భార్య అప్పుడు నోరు విప్పింది. “ఇంట్లో ఆయనకు మాటలెక్కడివమ్మా? ఉన్నవన్నీ ఆఫీసులో ఖర్చుపెట్టి వచ్చేవారు.” డాక్టరమ్మ పగలబడి నవ్వింది. ఆయనకు కోపం వచ్చింది, కోపం కూడా నవ్వులోకే జారిపోయింది. అడవి, అన్నాడు. ఇంట్లో అడవే అంటాం. అయితే అదే ఖాయం, అని ఆమె రాసుకుంది.

ఇది కత్తెర. కత్తెర అనగానే ఆయన పెదవి కొస వంగింది, ఎందుకంటే కత్తెర ఒక మనిషి. నిఘంటువు ఆఫీసులో ప్రధాన సంపాదకుడికి వెనకాల అందరూ పెట్టుకున్న పేరు అది. ఎంత రాసి పట్టుకెళ్ళినా సగానికి కోసి పంపేవాడు. పొడవాటి గది, పైకప్పు దాకా అట్టపెట్టెలు, పెట్టెల్లో చీటీలు, చీటీ చీటీకి ఒక వాక్యం, వాక్యం కింద అది ఎక్కడ దొరికిందో ఆధారం. అ నుంచి మొదలుపెట్టారు కాబట్టి అడవి తొందరగానే వచ్చింది, వచ్చి అక్కడే తిష్ఠ వేసింది. కత్తెర వాదన ఒకటి: అటవి అనే సంస్కృత పదానికి ఇది తద్భవం, అట అంటే తిరుగు, తిరుగాడే చోటు అటవి, అయిపోయింది, తరువాతి మాట చూడండి. ఎదుటి బల్ల మనిషి, బక్కపలచని వాడు, పొడుం పీల్చేవాడు, ఒప్పుకోలేదు: దారి అటు నుంచి ఇటు కాదండీ, ఇటు నుంచి అటు, దట్టంగా కమ్ముకోవడాన్ని చెప్పే ధాతువు మన సోదర భాషల్లో బతికే ఉంది, మన మాటే సంస్కృతం వాళ్ళు ఎత్తుకుపోయి నునుపు చేసుకున్నారు. ఇద్దరి మధ్య టీ చల్లారిపోయేది. ఆయన, అప్పటికి కుర్రకారే, మధ్యలో కూర్చొని, మీ ఇద్దరి దగ్గరా సాక్ష్యం చాలదండీ, మూలం సందిగ్ధం అని రాద్దాం అన్నాడు. “సందిగ్ధం అని రాయడానికి నిఘంటువెందుకయ్యా?” అన్నాడు కత్తెర. “తెలియదని జనానికి ముందే తెలుసు.” చివరికి ఆ ఒక్క పదమే గెలిచి అచ్చయింది, ఆయన ఆ రోజు సైకిలు మీద ఈల వేస్తూ ఇంటికి వెళ్ళాడు, తెలియనిదాన్ని తెలియదని అచ్చులో ఒప్పించిన గర్వంతో. సందిగ్ధం. ఇప్పుడు అదే మాట ఆయన స్కాన్ కింద రాసి ఉంది. కణితి స్వభావం సందిగ్ధం. ఈసారి ఈల రాలేదు.

ఇది... ఇది... చీపురు. ఎందుకు ఆలస్యమైంది? వెనక గొంతు ఏమీ అనలేదు. కరెంటా, కలతా? ఒక్క పరిశీలన మీద ఏదీ తేలదు. మాటల డాక్టరమ్మ కళ్ళు ఆయన మీద నుంచి ఆయన వెనక్కి, మళ్ళీ ఆయన మీదికి వచ్చాయి. చిన్నగా తల ఊపింది. సర్జన్ ఏదో చిన్న కాగితపు తునకను లోపల పెట్టాడు కాబోలు, అంకె వేసిన తునక. మాట తడబడిన చోటల్లా ఒక తునక పెట్టి గుర్తు పెట్టుకుంటామని చెప్పారు. నా తలలో పటం గీస్తున్నారు, అనుకున్నాడాయన, పటం అనుకోగానే తండ్రి బల్ల వచ్చింది, బల్ల మీద మూలలకు రాళ్ళు పెట్టిన పెద్ద కాగితం, నల్లసిరా వాసన.

తండ్రి సర్వేయరు. గొలుసు పట్టుకొని పగలంతా నేల కొలిచి, సాయంత్రం ఆ కొలతలను కాగితం మీదికి దించేవాడు. వాగు, గట్టు, బాట, బావి, అన్నిటికీ గీతలున్నాయి. గీతలు ఆగిపోయిన చోట తెల్లటి జాగా మిగిలేది, ఆ తెలుపు మీద తండ్రి అక్షరాలను దూరం దూరంగా పరచి అడవి అని రాసేవాడు. ఆరేళ్ళవాడు గడ్డం బల్లకు ఆనించి అడిగాడు. “అక్కడన్నీ చెట్లేనా నాన్నా?” తండ్రి కలం ఎత్తకుండానే, “ఏమోరా, నేను వెళ్ళలేదు,” అన్నాడు. “మరి అడవి అని రాశావుగా?” “వెళ్ళని చోటికి కూడా ఏదో ఒక పేరుండాలి కదరా, లేకపోతే కాగితం చిరిగిందనుకుంటారు.” చాలా కాలం వరకు ఆయనకు ఆ మాటకు అదే అర్థం, చెట్లూ కాదు పులులూ కాదు, కొలవని చోటు. అరణ్యానికి మూలం వెతికినప్పుడు కూడా చిత్రంగా అలాంటిదే దొరికింది: అరణం, పరాయిది, దూరమైనది, మన ఊరు కానిది. అంటే ఆ పేర్లలో చెట్లే లేవు, పేరు పెట్టినవాడి భయం ఉంది. ఇల్లు ఎక్కడ ఆగిపోయిందో అక్కడ మొదలయ్యేదానికి ఆ పేరు. నిఘంటువులో అడవికి నాలుగో అర్థంగా ‘మనుషులు కొలవని ప్రదేశం’ అని రాసి పట్టుకెళ్ళాడు. కత్తెర చూపు కళ్ళద్దాల మీదుగా వచ్చింది. “ఆధారం?” “మా నాన్నగారి ప్రయోగమండీ.” “మీ నాన్నగారు గ్రంథమేమైనా రాశారా?” “పటాలు గీశారు.” కోసేశాడు. కోయడం న్యాయమే, ఒక్క మనిషి వాడుక వాడుక కాదు, ఆ ముక్క తానైనా కోసేవాడే. అయినా ఆ చీటీని పారేయలేక చాలా రోజులు జేబులో ఉంచుకున్నాడు, చాకలికి వేసిన చొక్కాతో పాటు అది పోయింది.

బొమ్మ మారింది.

చెట్లు. చెట్ల వెనక చెట్లు, వాటి వెనక నలుపు. ఇది. ఇది. తెలుసు. ఎంత బాగా తెలుసంటే దాని వాసన తెలుసు, అందులోంచి వచ్చే చలిగాలి తెలుసు, తండ్రి అక్షరాల మధ్య దూరం తెలుసు, పెట్టెలో దాని చీటీల కట్ట ఎంత మందమో తెలుసు. మాట మాత్రం లేదు. మరిచిపోయినట్టు కాదు. మరపులో నాలుక చివర ఒక బరువుంటుంది, ఇక్కడ నాలుక చివర ఏమీ లేదు, తలుపు తీస్తే గదే లేనట్టు. అప్పుడు పక్క తలుపు దానంతటదే తెరుచుకుంది, అందులోంచి పట్టుబట్ట కట్టుకున్న మాట ఒకటి మర్యాదగా బయటికి వచ్చింది.

“ఇది... అరణ్యం.”

మాటల డాక్టరమ్మ కళ్ళు నవ్వాయి. “మళ్ళీ మొదలుపెట్టారా గురువుగారూ? ఆటలొద్దని చెప్పానా?” తల ఎత్తి వెనక్కి చెప్పింది. “పర్వాలేదు సార్, ఆయన అలవాటే. మాట వచ్చింది.”

“వచ్చింది కదా? అయితే ఇక్కడ ఖాళీయే, తీసేయొచ్చు,” అంది వెనక గొంతు, ఆ గొంతులో మొదటిసారి ఉత్సాహం వినిపించింది. “మంచిదండీ. ఇది దొరికితే దాదాపు మొత్తం తీసేసినట్టే.”

ఆ కొసను ఎత్తేసినట్టున్నారు, ఎందుకంటే సరిగ్గా అప్పుడు మాట తిరిగి వచ్చింది, ఎక్కడికీ వెళ్ళనట్టు, చెట్టు చాటు నుంచి ఒక అడుగు పక్కకు వేసినట్టు. అడవి. అడవి, అడవి. దాన్ని లోపలే మూడుసార్లు అనుకున్నాడు, మూడుసార్లూ వచ్చింది. అంటే ఇందాక లేదు. ఇందాక లేనిది కరెంటు వల్ల లేదు. కరెంటు తాకిన చోటును ఇప్పుడు తీసేస్తారు. దాదాపు మొత్తం, అంది ఆ గొంతు. దాదాపు మొత్తం అంటే ఏళ్ళు. ఎవరికీ తెలియదు. ఈ గదిలో ఇంతమంది ఉన్నారు, ఇన్ని యంత్రాలున్నాయి, ఆ రెప్పపాటులో మాటే లేదన్న సంగతి తెలిసినవాడు ఆయన ఒక్కడే. అరణ్యం తప్పు మాట కాదు. ఏ పండితుడినైనా పిలవండి, తప్పని అనడు. ఒక మాట పోతే పోయింది, దాని జోడీ ఉంది, జోడీకి జోడీ ఉంది, ఆయన దగ్గర ఒక్కోదానికి అరడజను. పేదవాడికి ఉన్న ఒక్క చొక్కా పోతే దిగంబరం కానీ ఆయనకేం? ఊరుకుంటే సరిపోతుంది. నోరు మూసుకొని పడుకుంటే సరిపోతుంది. పోయేది ఒక్క మాటేనని ఎవరు చెప్పారు? ఆ చోట ఆ ఒక్క మాటే కాపురం ఉంటుందా? ఇంటి మాటలన్నీ ఒక వీధిలోనూ చదివి నేర్చిన మాటలన్నీ మరో వీధిలోనూ ఉంటే? ఊహే, రుజువు లేదు. రుజువు లేకపోవడం ధైర్యానికీ చాలదు. కళ్ళ ముందు ఇల్లు కనిపించింది, తలకు కట్టుతో తాను, మంచం పక్కన ఆవిడ. నీళ్ళు కావాలి, నీళ్ళు అనే మాట రావడంలేదు, ఉదకం అంటున్నాడు. ఆవిడ మొదటి రోజు నవ్వుతుంది. మీ వేషాలు ఎక్కడికి పోతాయిలెండి అంటుంది. నెల తరువాత నవ్వదు. ఏడాది తరువాత, ఆయన మాట్లాడుతున్నప్పుడు, ఊరి నుంచి వచ్చిన పెద్దమనిషి ఎదుట కూర్చున్నట్టు కొంగు సర్దుకొని కూర్చుంటుంది. ఏళ్ళు దొరుకుతాయి. పరాయి ఏళ్ళు.

ఈ పొద్దున బండి మీద తీసుకొస్తుంటే ఆవిడ గుండు చేసిన ఆయన తలను చేత్తో నిమిరింది. “నెత్తి మీది అడవి కొట్టేశారు. ఇక లోపలిదే.” నవ్వించడానికే అంది, ఆవిడ చెయ్యి వణికింది. తలుపు దగ్గర బండి ఆగినప్పుడు వంగి చెవిలో చెప్పింది. “డాక్టరుగారికి చెప్పండి, మీరు తిట్టినా నాకు అర్థమయ్యేలా తిట్టేంత ఉంచమనండి. అంతకన్నా నాకేం వద్దు.” ఆయన ఆ మాటను డాక్టరుకు చెప్పలేదు. శాస్త్రీయంగా అనిపించలేదు.

పీల్చే యంత్రం మళ్ళీ మొదలైంది. దగ్గరగా.

“ఆగండి,” అన్నాడు.

యంత్రం ఆగింది. డాక్టరమ్మ ముందుకు వంగింది. “ఏమైంది? నొప్పా?”

“ఆట కాదమ్మా. ఇందాక ఆ మాట రాలేదు. రాకపోతేనే ఇంకోటి వచ్చింది.”

ఆమె కళ్ళలో నవ్వు చప్పున ఆరిపోయింది. “నేను... నేనే పొరబడ్డాను సార్,” అంది వెనక్కి చూస్తూ.

“మీ తప్పేం లేదు. నాలుగు రోజులు మిమ్మల్ని ఆటపట్టించింది నేనేగా,” అన్నాడాయన. “కానీ డాక్టరుగారూ, ఒక్కసారి జరిగినదాన్ని పట్టుకొని నా మాట కూడా నమ్మకండి. మళ్ళీ తాకించండి. వేరే బొమ్మలతో. ఎప్పుడన్నది చెప్పకండి.”

బొమ్మలు మళ్ళీ నడిచాయి. ఇది గొడుగు. ఇది దువ్వెన. ఇది... కుండ, కుండ అని తెలుసు, నోటి లోపల కుండ ఆకారమంతా గుండ్రంగా ఉంది, “ఘటం,” అంది నోరు. ఇది గుర్రం. ఇది తాళంచెవి. ఇది, తోక ఊపుతోంది, నాలుక చాచింది, చిన్నప్పుడు పిక్క పట్టుకున్నది, “శునకం.” అంటూనే నవ్వు వచ్చింది, నవ్వుతో పాటు కంటి కొసన నీళ్ళు వచ్చి ముక్కు మీదుగా జారి చెంప కింది దిండులో ఇంకాయి, తుడుచుకోవడానికి చేయి రాదు, డాక్టరమ్మే దూదితో అద్దింది. ఇంటి మాటలు ఇంట్లో లేవు. బయట వరండాలో ఎవరో పెద్దలు కూర్చొని తలుపు తీస్తున్నారు.

“నిజమేనండీ,” అంది వెనక గొంతు, ఉత్సాహం లేకుండా, మర్యాదగా. “కొస తాకినప్పుడే మాట తప్పుతోంది, ఎత్తేస్తే సరిగ్గా వస్తోంది. ఇప్పుడు మీరే చెప్పాలి. ఇక్కడ కొంచెం మిగిలింది. తీస్తే ఆ మాటలు కొన్ని నెలలకు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. వదిలేస్తే ఇది ఊరుకోవచ్చు, మళ్ళీ పెరగవచ్చు. ముందు నేను చెప్పింది వదిలేస్తాననే. కానీ మీకు మాటలు చాలా ఉన్నాయి కాబట్టి అడుగుతున్నాను.”

రావచ్చు, రాకపోవచ్చు. ఊరుకోవచ్చు, పెరగవచ్చు. రెండు పక్కలా సందిగ్ధం, కత్తెర ఉంటే ఎంత నవ్వేవాడో. ఆయన కళ్ళు మూసుకున్నాడు. తూచడానికి ఏమీ లేదు, తక్కెడలో ఒక పక్క ఏళ్ళున్నాయి, రెండో పక్క ఒక ఆడమనిషి చెయ్యి ఉంది, వణుకుతూ, నున్నటి తల మీద.

“మా ఆవిడ ఒక మాట చెప్పమంది,” అన్నాడు. “నేను తిట్టినా తనకు అర్థమయ్యేలా తిట్టేంత ఉంచమంది. ఉంచండి.”

ముసుగుల వెనక ఎవరో ముక్కు ఎగబీల్చారు. “సరే,” అంది గొంతు. “ఇక్కడితో ఆపుతున్నాను. మళ్ళీ మళ్ళీ స్కాన్ తీసి కనిపెట్టుకొని ఉందాం. మా పటంలో దీని చుట్టూ గీత గీసి ‘మిగిల్చినది’ అని రాస్తాం. మాటల మనిషి మీరు, ఇంతకన్నా మంచి పేరుంటే చెప్పండి.”

“మా నాన్న అయితే,” అని మొదలుపెట్టి ఆగాడు. తెల్లటి కాగితం, నాలుగు మూలలా రాళ్ళు, గీతలు ఆగిపోయిన చోట ఎత్తి పట్టిన కలం. ఇప్పుడు బొమ్మ లేదు. అడిగేవారూ లేరు. ఖాళీ రెప్పపాటుకన్నా కొంచెం ఎక్కువసేపే నిలిచింది, ఆ కొంచెంలో గదిలో యంత్రం తప్ప ఏదీ కదలలేదు. తరువాత మాట వచ్చింది, బురద కాళ్ళతో, గుమ్మంలో ఆగకుండా.

“అడవి అని రాసేవాడు.”

డాక్టరమ్మ గబుక్కున తల ఎత్తింది. “సార్, తాకించారా?”

“లేదమ్మా. కొసను ఎప్పుడో ఎత్తేశాను.”

ఆమె ఊపిరి వదిలింది, ముసుగు బుడగలా పొంగింది. కానీ ఆయన ఊపిరి వదలలేదు. “ఒక్కసారి వస్తే రుజువు కాదమ్మా,” అన్నాడు. “బొమ్మ చూపించండి.”

ఆమె తెరను ఆయన వైపు తిప్పింది. చెట్లు. చెట్ల వెనక చెట్లు, వాటి వెనక నలుపు, ఆ నలుపు అక్కడే ఉంటుందో, ఊరి మీదికి నడుస్తుందో, ఈ గదిలో ఎవరూ కొలవలేదు. ఇది, అని పెదవులు కదిలాయి. ప్రాణం చేయి చాచి గోడ తడిమింది.

“ఇది అడవి.”